వెండితెరపై గాయకుల చిన్న వేషములు

వేషము చిన్నదైనంత మాత్రమున దాని విలువ చిన్నదని తలంపరాదు. "పిట్ట కొంచెము, కూత ఘనము" అను మన పెద్దల మాట యీ విషయమున నక్షరాల సత్యము. రెండు గంటల చిత్రములో రెండు నిమిషములు మాత్రమే కనబడి, కథానాయకుని పేరు మఱచిన ప్రేక్షకునకు సైతము చిరకాలము జ్ఞాపకముండు వేషములు కలవు. అట్టి వానిలో రాక్ సంగీతకారులు ధరించినవి యొక ప్రత్యేకమైన తెగ. వానినిగూర్చి జనులు వినోదమునకై చెప్పుకొందురే గాని, వాని వెనుకనున్న చరిత్రను విచారించువారు తక్కువ. ఆ చరిత్రను కొంచెము తవ్విచూచినచో, ఒక సంఘము ఎవరిని లోనికి రానిచ్చెనో, ఎవరిని వాకిటనే నిలిపెనో యందు స్పష్టముగ గోచరించును. ఆ దృష్టితో నీ విషయమును చదువరుల ముందుంచ దలచితిమి.

రాక్ సంగీతము 1950 తరువాతి సంవత్సరములలో అమెరికా సంయుక్త రాష్ట్రములందు రూపొందినది. దాని తల్లివేరు దక్షిణపు ప్రత్తిచేలలో కూలిచేసిన నల్లజాతివారి బ్లూస్ పాటలయందును, వారి చర్చీలలోని గాస్పెల్ కీర్తనలయందును ఉన్నది. పల్లెలలో బ్రతుకుతెరువు లేక లక్షలకొలది నల్లవారు చికాగో మున్నగు ఉత్తరపు నగరములకు వలసపోయినప్పుడు ఆ పాటయు వారి మూటాముల్లెలతోబాటు తరలిపోయెను. అచ్చట నది విద్యుత్తుతో మ్రోగు గిటారును తోడు దెచ్చుకొని బిగ్గరయయ్యెను. తెల్లవారి జానపద గీతములును వచ్చి యందు కలసెను. ఇట్లు రెండు జాతుల కలయికచే గలిగిన యీ సంగీతము, ఆ రెండు జాతులవారును పెక్కుచోట్ల నొక్క బల్లయొద్ద కూర్చుండి భుజింప వీలులేని దేశమున జనించినదని మనము మఱవరాదు.

రాక్ పుట్టుటకు బూర్వమే హాలీవుడ్ నిర్మాతలు నల్లజాతి గాయకులను తెరపై జూపుట కొక విచిత్రమైన పద్ధతిని కనిపెట్టిరి. లీనా హార్న్ అను గాయని 1942లో మెట్రో గోల్డ్విన్ మేయర్ సంస్థలో జేరెను. ఆమె రూపము, కంఠము, శిక్షణ మూడును శ్రేష్ఠములే. అయినను ఆమెను తెల్లవారు ముఖ్యపాత్రలుగా గల చిత్రములందు చూపునప్పుడు, కథతో సంబంధము లేకుండ, ఇతర పాత్రలతో నొక్క మాటయైన లేకుండ, ఒంటరిగ నిలిచి పాట పాడి పోవునట్లు ఏర్పాటు చేసెడివారు. కారణ మేమి? దక్షిణ రాష్ట్రముల ప్రదర్శనశాలలకు చిత్రము పోయినప్పుడు ఆ పాటను కత్తిరించి పాఱవేసినను కథకు లోటు రాకుండుటకే! మెంఫిస్ నగరపు సెన్సారు సంఘము ఈ కత్తిరింపులకు మిక్కిలి పేరుపడినది. 1945లో నా సంఘమువారు "బ్రూస్టర్స్ మిలియన్స్" అను చిత్రమును మొత్తముగనే నిషేధించిరి. అందలి నల్లజాతి సేవకుడు తెల్లదొరలతో నెక్కువ చనువుగ మెలగుట వారు చూపిన దోషము.

వాకిట నిలిపి పాడించుకొని, పాటకు మెచ్చుకొని, గడప దాటనీయని గృహస్థుల నెందఱినో మన దేశమునను చూచియున్నాము. పంక్తిభేద మెట్టిదో మనకు పరులు నేర్పనక్కఱలేదు. కావున నీ కథ దూరదేశపు కథయైనను మనకు సులభముగనే యర్థమగును. ఒక కళావేత్త వేషము చిన్నదగుటకు రెండు కారణము లుండవచ్చును. అతనిని అతిథిగా పిలిచి గౌరవించుటచే చిన్నది కావచ్చును. అవసరమైనప్పుడు తీసిపాఱవేయుటకు వీలుగా నుండవలెనని చిన్నది చేయవచ్చును. తెరపై రెండును ఒకే తీరున కనబడును. వానిని వేఱుచేసి చూచుటయే చరిత్రకారుని పని.

1956లో రాక్ సంగీతము మీది మోజు నాధారము చేసికొని హాలీవుడ్‌లో వరుసగా చిత్రములు వెలువడెను. వానిలో మేలైనది ఫ్రాంక్ టాష్లిన్ దర్శకత్వమున వచ్చిన "ది గర్ల్ కాంట్ హెల్ప్ ఇట్". ఒక దుండగీడు తన ప్రియురాలిని పేరుమోసిన గాయనిగా జేయ బూనుట యిందలి కథ. ఆ కథ నడుమ లిటిల్ రిచర్డ్, ఫ్యాట్స్ డామినో, జీన్ విన్సెంట్, ఎడ్డీ కాక్రన్ మున్నగువారు ఒక్కొక్కరుగ వచ్చి పాడిపోవుదురు. పాత్రలవారు వారిని చూతురు, విందురు. వారితో కలసి కథ నడుపరు. నల్లవారికిని తెల్లవారికిని ఒకే చిత్రమున ఒకే విధముగ చోటు లభించుట మాత్రము నాడు సామాన్యమైన విషయము కాదు. రంగులతో, విశాలమైన తెరతో ఆ గాయకులు మొదటిసారి దేశదేశముల యువకుల కన్నుల బడిరి.

దాని ఫలిత మెట్టిదో చూడుడు. ఇంగ్లండునందలి లివర్పూల్ నగరములో పాల్ మెకార్ట్నీ యను పదునైదేండ్ల బాలుడు 1957 జూలైలో జాన్ లెనన్‌ను మొదటిసారి కలసికొన్నప్పుడు తన నేర్పు చూపుటకై పాడిన పాట, ఎడ్డీ కాక్రన్ ఈ చిత్రమున పాడినదే. ఆ బాలురే పిదప బీటిల్స్ అను పేర జగత్ప్రసిద్ధులైరి. పదునొకండేండ్లు గడచిన పిమ్మట, 1968 సెప్టెంబరులో నొక సాయంకాలము, టెలివిజనులో ఈ చిత్రము వచ్చుచున్నదని వారు తమ రికార్డింగు పని నాపి యింటికి బోయి చూచి మరల వచ్చి పని సాగించిరి. కాక్రన్ 1960లో, ఇరువదియొక్క యేండ్ల ప్రాయమున, ఇంగ్లండులో మోటారు ప్రమాదముచే మరణించెను. అతడు తెరపై నిలిచిన ఆ కొద్ది నిమిషములు, మఱియొక తరమువారి సంగీతమునకు బీజమై మొలకెత్తెను.

అయినను వాకిటి కట్టుబాటు సడలలేదు. 1957లో అలెన్ ఫ్రీడ్ అను రేడియో ప్రయోక్త నడపిన టెలివిజను కార్యక్రమములో, ఫ్రాంకీ లైమన్ అను నల్లజాతి బాలగాయకుడు తన పాట ముగియగానే ప్రేక్షకులలోని యొక తెల్లపిల్లతో నాలుగడుగులు నృత్యము చేసెను. దక్షిణపు ప్రసారకేంద్రములవారు మండిపడిరి. కార్యక్రమము త్వరలోనే యాగిపోయెను. పాడినంతసేపు పిల్లవానియందు ఎవరికిని తప్పు తోపలేదు. పాట ముగిసి మనుష్యునివలె మెలగుటయే యపరాధమయ్యెను. పాట వేఱు, పాడినవాడు వేఱు అను భావమున కింతకంటె స్పష్టమైన నిదర్శన మేది?

1960 తరువాత నీ చిన్న వేషముల స్వభావము మాఱెను. ఐరోపా దర్శకులు రాక్ గాయకులను కేవలము పాటకై గాక, తమ యభిప్రాయమును సూచించుటకై పిలువసాగిరి. ఇటలీ దర్శకుడు మైకెలాంజెలో ఆంటోనియోని లండనులో దీసిన "బ్లో-అప్" 1966లో వెలువడినది. అందు యార్డ్‌బర్డ్స్ అను బృందము ఒక నేలమాళిగలో వాయించుచుండును. వినువారు బొమ్మలవలె కదలక నిలిచియుందురు. జెఫ్ బెక్ తన వాద్యము సరిగ పలుకలేదని కోపించి గిటారును విరుగగొట్టి ముక్కను జనములోనికి విసరును. అంతవఱకు నిద్రించినట్లున్నవారు ఆ ముక్కకై యొకరిపై నొకరు పడుదురు. నాయకుడు దానిని గెలుచుకొని వీథిలోనికి బరుగెత్తి, అచ్చట నది వట్టి కఱ్ఱముక్కయని గ్రహించి పాఱవేసి పోవును. కొన్ని నిమిషములే! కాని వస్తువునకు విలువ నిచ్చునది వస్తువా, గుంపా యను ప్రశ్నను మూడు వందల పుటల గ్రంథముకంటె నిది గట్టిగ వేయుచున్నది.

మఱియొక తీరు వేషము జార్జి హారిసన్‌ది. మాంటీ పైథాన్ అను హాస్యబృందమువారు "లైఫ్ ఆఫ్ బ్రయన్" చిత్రమును దీయ సిద్ధపడుచుండగా, మతవిషయమున గొడవ పుట్టునను భయముచే 1978లో పెట్టుబడి సంస్థ వెనుకంజ వేసెను. బీటిల్స్ బృందములోనివాడైన హారిసన్ తన యిల్లు కుదువబెట్టి ధనము సమకూర్చి, హ్యాండ్‌మేడ్ ఫిల్మ్స్ అను సంస్థను స్థాపించి ఆ చిత్రమును నిలబెట్టెను. ఆ చిత్రమును తాను చూడగోరుటయే కారణమని చెప్పెనట! 1979లో వెలువడిన ఆ చిత్రమున నతడు గుంపు నడుమ క్షణకాలము కనబడి, ఒక పలకరింపుతో మాయమగును. సర్వస్వ మొడ్డినవాడు తెరపై గోరినది అంత మాత్రమే. నార్వే దేశమందును, బ్రిటనునందలి కొన్ని పట్టణములందును ఆ చిత్రము కొంతకాలము నిషేధింపబడెను. భావస్వాతంత్ర్యమునకై యిల్లు పణముబెట్టిన దాత యని తెలిసి చూచువారికి ఆ క్షణము వేఱుగ దోచును.

ఇక మా విచారణకు ప్రధానమైన చిత్రమునకు వత్తము. అది 1980 జూన్‌లో విడుదలయైన "ది బ్లూస్ బ్రదర్స్". జాన్ లాండిస్ దర్శకుడు. జాన్ బెలూషీ, డాన్ ఆక్రాయిడ్ నాయకులు. తాము పెరిగిన అనాథశాల పన్ను చెల్లించుటకై యిద్దఱు సోదరులు చెదరిన తమ వాద్యబృందమును తిరిగి కూర్చుట యిందలి కథ. వారు త్రోవలో గలసికొనువారు జేమ్స్ బ్రౌన్, రే చార్లెస్, అరీథా ఫ్రాంక్లిన్, జాన్ లీ హుకర్, క్యాబ్ కాలొవే. ఆ దేశపు సంగీతమునకు మూలస్తంభములవంటి వారే యెల్లరును. కాని చిత్రము దీయునాటికి డిస్కో సంగీతము దేశమును ముంచెత్తెను. వీరి రికార్డులు మునుపటివలె అమ్ముడుపోవుట లేదు. వీరికి బదులు నాటి మోజులోని గాయకులను పెట్టుమని సంస్థవారు కోరిరని దర్శకుడు తరువాత చెప్పెను. ఆయన వినలేదు.

వీరికి పాట మాత్రమే గాక పాత్ర గూడ నిచ్చుట ఈ చిత్రమునందలి విశేషము. జేమ్స్ బ్రౌన్ చర్చిలో ప్రబోధకుడు. రే చార్లెస్ వాద్యముల యంగడి యజమాని. అంధుడైనను గిటారు దొంగిలింపవచ్చిన పిల్లవానిని బెదరించి తఱుముటలో నేర్పరి. హుకర్ చికాగోలోని మాక్స్‌వెల్ వీథి సంతలో పాడును. దక్షిణమునుండి వలసవచ్చిన బ్లూస్ గాయకులు తరతరములుగా పాడి పొట్టపోసికొన్న వీథి యది. ఆ సంతను 1994లో నచ్చటినుండి కదలించి, పాత కట్టడములను కూలగొట్టిరి. కావున హుకర్ పాటతోబాటు నశించిన యొక వీథియు నీ చిత్రమున నిలిచియున్నది.

అరీథా ఫ్రాంక్లిన్ వేషమును గూర్చి మా సోదరీమణులకు ప్రత్యేకముగ చెప్పవలసియున్నది. ఆమె యిందు చిన్న ఫలహారశాల నడుపుకొను గృహిణి. కాళ్లకు ఇంటి చెప్పులు, ఒడలికి పనిబట్టలు, వానిపై వంటింటి మరకలు. గిటారు వాయించు భర్త మరల పాతస్నేహితులతో బయలుదేఱుచుండగా, ఆమె యడ్డునిలిచి, చేయుపనినిగూర్చి ముందు యోచింపుమని పాడును. ఆ పాట 1968లో నామె స్వయముగ, నాటి తన భర్తతో గలసి కట్టినది. స్వేచ్ఛను గూర్చిన పిలుపు అందు మాటిమాటికి వచ్చును. పాట ముగియును, భర్త యామె మాట విననివాడై వెడలిపోవును. నవ్వించుటకై కూర్చిన ఘట్టమే యిది. కాని అంగడి నిలిపినది యామె, వంట వండినది యామె, వెళ్లదలచినవాడు వెళ్లగలిగినవాడు మాత్రమతడు. ఎన్ని యిండ్లలో నీ పాట పాడబడక మనసులోనే యణగిపోవుచున్నదో చదువరులే యూహింపగలరు.

ఈ ఘట్టమును జిత్రించుటలో గలిగిన చిక్కొకటి చెప్పదగినది. ముందుగ రికార్డు చేసిన పాటకు తగినట్లు పెదవులు కదల్చుట చిత్రపరిశ్రమలోని వాడుక. అరీథాకు నది చేతగాలేదు. ఏలయన నామె యొక పాటను రెండుమారు లొకేరీతిగ పాడి యెఱుగదు. పెక్కు తునుకలను జోడించి ఆ పాటను పూర్తిచేయవలసి వచ్చెను. జేమ్స్ బ్రౌనునకును అదే యిబ్బంది కాగా, అతని గొంతును చిత్రీకరణ స్థలముననే రికార్డు చేసిరి. నిజమైన సంగీతము ప్రాణముగల వస్తువు. నిన్నటి శ్వాసను నేడు తిరిగి పీల్చుట సాధ్యమా?

క్యాబ్ కాలొవే మాట వేఱు. ఆయన 1907లో జన్మించెను. ఈ చిత్రమున పాడిన పాటను మొదట 1931లోనే రికార్డు చేసెను. 1932 మొదలు చిత్రములలో గనబడెను; 1943లో లీనా హార్న్‌తో గూడ "స్టార్మీ వెదర్"లో నుండెను. అనగా, నల్లవారి పాటలను కత్తిరించివేయుచుండిన కాలమును కన్నులార చూచినవాడు. "బ్లూస్ బ్రదర్స్"లో నాయన యనాథశాల పనివాడు, నాయకులకు బాల్యమున సంగీతము నేర్పినవాడు. చివర తెల్లని యుడుపులతో వేదిక నెక్కి, వేలజనులచే తన పాటకు వంత పాడించును. అప్పటి కాయనకు డెబ్బది దాటినవి. ఈ ఘట్టమును కత్తిరించుటకు వీలులేదు. కత్తిరించినచో కథ యొరిగిపోవును. నలువది యేండ్ల కాలము తెచ్చిన మార్పు ఈ యొక్క వాక్యములో నున్నది.

ఐనను తొందరపడి సంతోషింపరాదు. విడుదల సమయమున, తెల్లవారు నివసించు పేటలలో తన శాల లుండిన యొక యజమాని, ఈ చిత్రమువలన నల్లవారు తమ పేటకు వత్తురని చెప్పి నిరాకరించెనని దర్శకుడు పలుమారులు చెప్పియున్నాడు. అంత వ్యయముతో దీసిన చిత్రమునకు దొరకవలసినన్ని శాలలు దొరకలేదు. సమాన హక్కుల శాసనము 1964లోనే వచ్చెను గదా! శాసనము తలుపు తాళమును దీయగలదు. లోనివారి మనస్సు నెవరు తెఱవవలెను? చిత్రమునందు సైతము ప్రధాన వేషములు తెల్లవారివి. గురువులు త్రోవలో తారసపడి దీవించి తొలగుదురు. హుకర్ పాట నాడు వెలువడిన రికార్డులో చేరలేదు. ఈ లోపములను కప్పిపుచ్చుట న్యాయము కాదు. కాని ఫలమును గూడ చెప్పవలెను. ఒక కొత్త తరమువారు ఈ గాయకుల పేరులు తెలిసికొని వారి పాత రికార్డులను వెదకిరి. జేమ్స్ బ్రౌన్ 1985లో "రాకీ" చిత్రపరంపర నాల్గవదానిలో నిట్టి చిన్న వేషమే వేసి, అందలి పాటతో మరల ప్రజాదరణ పొందెను. అరీథా 1987లో రాక్ సంగీత గౌరవశాలలో జేరిన ప్రథమ మహిళ యయ్యెను. 2020లో "బ్లూస్ బ్రదర్స్" అమెరికా జాతీయ చిత్రసంచయమున భద్రపఱుపబడినది. నాటికి ఆ యైదుగురు గాయకులలో నొక్కరును జీవించిలేరు.

1956లో పాడిపోయిన లిటిల్ రిచర్డ్ కేమైనదని చదువరు లడుగవచ్చును. ముప్పదియేండ్లకు, 1986లో, "డౌన్ అండ్ ఔట్ ఇన్ బెవర్లీ హిల్స్" అను హాస్యచిత్రమున నతడు ధనికుల పేటలో నివసించు పొరుగువాడుగ కనబడెను. ప్రక్కయింట నపాయఘంట మ్రోగగానే పోలీసువారు హెలికాప్టరుతోను జాగిలములతోను దిగుదురు. అతడు తన యింటనుండి వెలికివచ్చి, తన ఘంట మ్రోగినప్పుడు ఇంత హడావుడి యేల జరుగదని గొంతెత్తి యడుగును. ధనము వచ్చినది, భవనము వచ్చినది, పేరు వచ్చినది. రక్షణలో సమానత మాత్రము రాలేదు. జనులు నవ్వుదురు. నవ్వుచు నవ్వుచు మ్రింగిన మాత్రలోనే మందున్నది.

మెంఫిస్ నగరమున కొకసారి తిరిగి పోవుదము. 1989లో జిమ్ జార్ముష్ అను దర్శకుడు "మిస్టరీ ట్రైన్" చిత్రమును నాటి సెన్సారువారు కత్తెర యాడించిన ఆ మెంఫిస్‌లోనే దీసెను. శిథిలమైన యొక హోటలులో రాత్రికాపు గుమాస్తాగ, ఎఱ్ఱని కోటు ధరించి, రాక్ గాయకుడు స్క్రీమిన్ జే హాకిన్స్ కూర్చుండును. మూడు కథలలోని యాత్రికులును అతని బల్లముందునుండియే పోవలెను. అతడు పాడడు. ఊరికే కూర్చుండి లోకమును చూచుచుండును. రైలుస్టేషనులో జపాను దేశపు యువదంపతులను అగ్గిపుల్ల యడుగు వృద్ధుడు రూఫస్ టామస్. మెంఫిస్ సంగీతమున కతడు పెద్దదిక్కు. ఒకనాడు పాట మాత్రమే కావలెను, మనిషి వలదన్న యూరిలో, పాట లేకుండ మనుష్యులుగనే వీరు తెరపై నిలిచిరి.

ఇతరములైన వేషములను సంగ్రహముగ చెప్పెదము. 1985లో "బ్యాక్ టు ది ఫ్యూచర్"లో హ్యూయీ లూయిస్ పరీక్షకుడుగ కూర్చుండి, తన పాటనే వాయించు కుఱ్ఱవారిని శబ్ద మెక్కువయని త్రోసిపుచ్చును. 1992లో "వేన్స్ వరల్డ్"లో, భీకరవేషములకు పేరొందిన ఆలిస్ కూపర్ మిల్వాకీ నగరపు పేరునకు వ్యుత్పత్తి చెప్పు పండితుడగును. 2006లో "ది ప్రెస్టీజ్"లో డేవిడ్ బౌయీ విజ్ఞాని టెస్లాగ గంభీరముగ నడచివచ్చును. మొదట నిరాకరించిన యాయనను దర్శకుడు స్వయముగ పోయి యొప్పించెను. సముద్రపు దొంగల చిత్రములలో నాయకుడైన జానీ డెప్ తన నడకను కీత్ రిచర్డ్స్ నడకనుండి గ్రహించెను. 2007లో ఆ రిచర్డ్సే యతని తండ్రిగ కనబడెను. వీనిలో కొన్ని వట్టి ప్రచారమునకై కూర్చినవని యాక్షేపించువారు కలరు. ఆ యాక్షేపణ కొంతవఱకు నిజమే. కాని తన్ను తాను పరిహసించుకొనగల ప్రసిద్ధుని చూచుట సంఘమునకు హానికరము కాదు. కీర్తి తలకెక్కుట కది మంచి విరుగుడు.

మన దేశమున గాయకుడు తెఱవెనుక నుండుట వాడుక. తొలినాటి తెలుగు చిత్రములలో నాగయ్య, కన్నాంబ మున్నగువారు తమ పాటలను తామే పాడుకొనెడివారు; పిదప కంఠ మొకరిది, ముఖ మొకరిది యయ్యెను. 1965లో వచ్చిన హిందీ చిత్రము "గుమ్‌నామ్" తొలిభాగమున టెడ్ లయన్స్ బృందమువారు రాక్ వాద్యములతో కనబడుదురు. గొంతు మాత్రము మహమ్మద్ రఫీది. 2001లో "గోస్ట్ వరల్డ్" అను అమెరికా చిత్రము ఆ ఘట్టముతోనే ప్రారంభమగును. క్లబ్బుగాయనిగా పేరొందిన ఉషా ఉతుప్ 1972లో "బాంబే టు గోవా"లో పాడుచు కనబడి, 2011లో "సాత్ ఖూన్ మాఫ్"లో నింటి పనిమనిషి వేషమును ధరించెను. పాటకై వచ్చినవారు పాత్రలుగ నిలుచు మార్పు మనయొద్దను జరుగుచున్నదని యిందువలన తెలియుచున్నది.

కావున వెండితెరపై నొక గాయకుడు క్షణకాలము కనబడినప్పుడు రెండు ప్రశ్నలు వేసికొనవలెనని చదువరులకు మా మనవి. ఇతనిని తీసివేసినచో కథకు లోటు వచ్చునా? ఇతనికి పాట ముగిసిన తరువాత మాటాడు నధికార మున్నదా? ఈ కొలత తెఱకు మాత్రమే గాక, మన యిండ్లకును, మన సభలకును చెల్లును. పండుగనాడు డోలు వాయింపవచ్చినవానిని, పెండ్లిలో సన్నాయి పట్టినవానిని, వాద్యము క్రింద బెట్టిన పిమ్మట మన మెచ్చట కూర్చుండబెట్టుచున్నామో, ఏ విస్తరిలో వడ్డించుచున్నామో మనకు తెలియును. విద్యను మెచ్చి విద్వాంసుని వాకిట నిలుపుట మెప్పు కాదు, అది వాడుకొనుట. వేషము చిన్నదైనను మనిషి చిన్నవాడు కాకుండ చూచినప్పుడే ఆ మెప్పు సార్థకమగును.